మొలకలు కొరికింది ఉండపురుగేనా?

మృగశిర దాటి నాలుగు వానలు పడ్డాక పెరట్లో ఒక కుండీ జరిపి చూడండి. అడుగున గుండ్రంగా తడి మరక, దాని మీద బూడిద రంగులో ఇరవయ్యో ముప్పయ్యో పురుగులు. వెలుతురు తగలగానే కొన్ని పరుగు తీస్తాయి, కొన్ని మిరియపు గింజలా ఉండ చుట్టుకొని ఉన్నచోటే ఆగిపోతాయి. పక్క కుండీలో చూస్తే టమాట మొలకలు నాలుగు తెల్లారేసరికి నేలకు ఒరిగి ఉంటాయి. ఇంకేముంది, తిన్నది ఇవేనని అనుకుంటాం, మందు డబ్బా తీస్తాం. వరంగల్, హన్మకొండ మిద్దెతోటల్లో ప్రతి వానాకాలం జరిగేది ఇదే. చాలాసార్లు ఇది తప్పుడు తీర్పు. కొన్నిసార్లు మాత్రం నిజమే. ఆ రెండింటికీ తేడా ఎట్లా పట్టుకోవాలో, నిజమైతే ఏం చేయాలో రాస్తున్నాను.

పేరు సంగతి ముందు. దీన్ని ఊరికో తీరుగా పిలుస్తారు. చాలామంది ఉత్త పురుగు అనే అంటారు. ముట్టుకుంటే ఉండ కడుతుంది కాబట్టి ఇక్కడ ఉండపురుగు అంటాను. వానల్లో గోడల మీద పాకే రోకలిబండతో దీన్ని కలపొద్దు. రోకలిబండ పొడుగ్గా ఉంటుంది, ఒంటి మీద దాదాపు ప్రతి కణుపుకూ రెండు జతల కాళ్లుంటాయి, ముట్టుకుంటే చక్రంలా చుట్టుకుంటుంది. ఉండపురుగు పొట్టిది, సెంటీమీటరు, మహా అయితే సెంటీమీటరున్నర. కాళ్లు ఏడే జతలు. ఇందులోనూ రెండు రకాలున్నాయి. ఒకటి వీపు గుండ్రంగా ఉబ్బి, పూర్తిగా ఉండ కట్టేది. రెండోది కాస్త చదునుగా ఉండి, తోక దగ్గర రెండు చిన్న ముళ్లలాంటివి పొడుచుకొచ్చి, ఉండ కట్టలేక పరుగెత్తేది. తోటలో రెండింటి పనీ ఒకటే.

నా మాట ఇప్పుడే చెప్పేస్తాను. ఎదిగిన మొక్కకు ఉండపురుగు చేసే నష్టం లెక్కలోకి రాదు. నష్టం జరిగేది మొలక దశలో, అదీ మూడు సంగతులు ఒక్కచోట కలిసినప్పుడు: రాత్రంతా ఆరని తడి, మొలకకు ఆనుకొని దాక్కునే చోటు, తినడానికి కుళ్లిన ఆకు దొరక్కపోవడం. ఈ మూడింట్లో ఒక్కదాన్ని తప్పించినా మొలకల మీద ఒత్తిడి తగ్గిపోతుంది. మందు అవసరం రాదు.

దాని ఒళ్లు తెలిస్తే సగం పని అయినట్టే

నిజానికి ఇది చీమ, మిడతల జాతిది కాదు. పొలం గట్టు బొరియలో ఉండే ఎండ్రికాయకు, చెరువులో రొయ్యకు చుట్టం. నీళ్లు వదిలి నేల మీద బతకడం నేర్చుకుంది గానీ ఊపిరి తీసుకునే పద్ధతి పూర్తిగా మారలేదు. ఒకదాన్ని అరచేతిలో వెల్లకిలా పెట్టి చూడండి. తోక వైపు, పొట్ట కింద తెల్లటి రేకులు కనిపిస్తాయి. గాలి పీల్చేది వాటితోనే. అవి తడిగా ఉంటేనే పనిచేస్తాయి. పైన పెంకు గట్టిగానే ఉంటుంది గానీ, ఒంట్లో నీళ్లు బయటికి పోకుండా బొద్దింకకు ఉండే మైనపు పూత లాంటిది దీనికి సరిగా లేదు. ఎండలో సిమెంటు గచ్చు మీద వదిలితే ఎక్కువసేపు బతకదు.

దీని తిరుగుడంతా ఇందులోంచే అర్థమవుతుంది. పగలు రాయి కింద, కుండీ కింద, గోనెసంచి కింద. రాత్రి మాత్రమే బయటికి. వానాకాలం, చలికాలపు మంచు రాత్రుల్లో మట్టి పైనే తిరుగుతాయి. మార్చి దాటి ఎండ ముదిరితే పగుళ్లలోకి, కుండీల అడుక్కి దిగిపోతాయి. మేలో పురుగులు లేవని సంబరపడేవాళ్లు కుండీలో సగం మట్టి తీసి చూస్తే తెలుస్తుంది. అవి పోలేదు, దిగాయంతే.

ఒక్కోసారి ముందు సగం బూడిద, వెనక సగం తెలుపుగా ఉన్న పురుగు కనిపిస్తుంది. దానికేదో తెగులు పట్టిందని, మొక్కలకూ అంటుకుంటుందని భయపడొద్దు. పెరిగేటప్పుడు పెంకు విడవాలి కదా, ఇది ఒకేసారి విడవదు. ముందు నడుము నుంచి వెనక భాగం, కొన్నాళ్లాగి తల వైపు భాగం. ఆ తెలుపు అప్పుడే వచ్చిన కొత్త పెంకుది. విడిచిన పొరను చాలావరకు తనే తినేస్తుంది, అందులోని సున్నం వృథా కానీయదు.

ఆడది గుడ్లను మట్టిలో పెట్టదు. పొట్ట కింద తడి నిండిన సంచి ఉంటుంది, గుడ్లు అందులోనే పొదుగుతాయి. పిల్లలు తెల్లగా, ఆరు జతల కాళ్లతో బయటికొస్తాయి. ఏడో జత తర్వాత పొర విడిచినప్పుడు వస్తుంది. తోటమాలికి ఇందులో పనికొచ్చే సంగతి ఉంది. మట్టిలో గుడ్లు ఉండవు కాబట్టి, గుడ్లు చంపడానికని మందు నీళ్లు పోయడంలో అర్థం లేదు. పేనుబంకలా వారంలో కుప్పతెప్పలుగా పెరిగేది కూడా కాదు. ఒక్కోటి రెండు మూడేళ్లు బతకగలదు, మెల్లగా పెరుగుతుంది. ఏ తోటలోనైనా వీటి సంఖ్య ఎక్కువగా ఉందంటే, అక్కడ తడి, చెత్త చాలాకాలంగా ఉన్నట్టు.

ఇక తిండి. దీనికి ఇష్టమైనది బూజు పట్టి మెత్తబడిన ఆకు, కుళ్లిన కట్టె, రాలిన పూలు, పండిపోయిన కింది ఆకులు. తను వేసిన పెంటను కూడా మళ్లీ తింటుంది. ఆకును ముక్కలు చేసి బయటికి పంపితే దాని మీద సూక్ష్మజీవులు తొందరగా పట్టి ఎరువుగా మారుస్తాయి. ఆకుల ఎరువు గుంటలో ఇది కనిపిస్తే వానపాములకు హాని చేస్తుందేమోనని కొందరు ఏరి పారేస్తారు. అక్కర్లేదు. వానపాముల జోలికి పోదు, ఒకే గుంటలో రెండూ పనిచేసుకుంటాయి.

ఎవరు తిన్నారో చూడటం

పొద్దున చూస్తే దొంగ దొరకడు. రాత్రి తొమ్మిది, పది మధ్య టార్చి పట్టుకొని పోవాలి. మొలక దగ్గర నేరుగా లైటు వేయకుండా, కొంచెం పక్కన వేసి మెల్లగా తిప్పండి. ఉండపురుగు మొలకను తింటుంటే అక్కడే దొరుకుతుంది, ఒకటి కాదు నాలుగైదు గుంపుగా.

పడిపోయిన మొలకను పీకి, కాండం మట్టిని తాకే చోట చూడండి. అక్కడ నీళ్లు పట్టినట్టు మెత్తబడి, దారంలా సన్నబడి, గోధుమ రంగుకు తిరిగి ఉంటే అది నారుకుళ్లు తెగులు. కొరికిన గుర్తు ఉండదు. మన దగ్గర వానాకాలంలో మిరప, టమాట, వంగ నారు చచ్చేది ఎక్కువగా దీనివల్లే. విత్తనం ఒత్తుగా చల్లడం, నీళ్లు నిలవడం, సగం మాగిన పెంట వేయడం దీనికి కారణాలు. చచ్చిన మొలక రెండో రోజుకు కుళ్లుతుంది, ఆ కుళ్లు వాసనకు ఉండపురుగు వస్తుంది. మనం చూసేది అప్పుడు. పీనుగ దగ్గర దొరికిన వాడినే హంతకుడు అనుకున్నట్టు అవుతుంది.

కాండం మొదట్లో కత్తెరతో కోసినట్టు తెగి, పై ముక్క పక్కనే పడి ఉంటే అది మట్టిలో దాక్కునే లద్దెపురుగు పని. ఆ మొలక చుట్టూ రెండు అంగుళాల మేర వేలితో అంగుళం లోతు గీకితే మట్టిరంగులో నున్నగా, చుట్ట చుట్టుకొని ఉంటుంది. ఆకులో పెద్ద పెద్ద రంధ్రాలు, పక్కన ఎండిన జిగురు మెరుపు కనిపిస్తే నత్త. మొలకను వేర్లతో సహా లాగి పక్కన పడేస్తే ఉడుతో పిట్టో.

ఉండపురుగు తిన్న గుర్తు వేరు. దాని నోరు చిన్నది, ఒక్క కొరుకుడుకు కాండం తెగదు. మట్టిని తాకే చోట పై తోలు గీకినట్టు ఉంటుంది, ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ. మొదటి రెండాకుల అంచులు చిల్లులు చిల్లులుగా, చింపిరిగా ఉంటాయి. చిక్కుడు, బెండ, కీర, అనిగెపు (సొర) వంటి లావు మొలకలు మట్టి పగలగొట్టుకొని మెడ వంచి పైకొస్తుంటాయి కదా, ఆ వంపు దగ్గర తోలు తింటే మొలక పైకి లేవలేదు. పాలకూర, కొత్తిమీర మొలకలైతే సన్నగా ఉండటం వల్ల పూర్తిగా పోతాయి.

అనుమానం తీరకపోతే ఒక పరీక్ష చేయొచ్చు. వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బాలో రెండు అంగుళాలు తడి మట్టి వేసి, ఒక మూల కుళ్లిన ఆకులు గుప్పెడు, ఇంకో మూల వేర్లతో ఉన్న నాలుగు పచ్చి మొలకలు పెట్టండి. పది ఉండపురుగులు వేసి, మూతకు సన్న రంధ్రాలు చేసి, నీడలో ఉంచండి. మూడు రాత్రులు చూడండి. ఆకులు ఉన్నన్నాళ్లు మొలకల జోలికి పెద్దగా పోవు. నాలుగో రోజు ఆకులు మొత్తం తీసేసి చూడండి, మొలకల తోలు గీకడం మొదలవుతుంది. తోటలో జరిగే తప్పు ఈ డబ్బాలోనే కళ్ల ముందు కనిపిస్తుంది. వానలకు ముందు మడి మొత్తం శుభ్రంగా ఊడ్చి, ఎండాకు ఒక్కటి లేకుండా ఎత్తేసి, వెంటనే విత్తనం వేస్తాం. మట్టిలో ఉన్న వందల పురుగులకు మిగిలిన ఒకే ఒక తిండి ఆ మొలక. శుభ్రం చేయడం తప్పు కాదు, చేసిన రోజే విత్తడం తప్పు. ఎత్తిన చెత్తను మడికి నాలుగైదు అడుగుల దూరంలో, నీడ పట్టున కుప్పగా వేసి తడపండి. పది రోజులాగి విత్తండి. పురుగులు చాలావరకు అక్కడికి మారిపోతాయి.

చేయాల్సినవి

నీళ్లు పొద్దున పోయండి. ఇది చిన్న మాటలా కనిపిస్తుంది గానీ అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది ఇదే. సాయంత్రం పోస్తే మట్టి పైపొర రాత్రంతా తడిగా ఉండి వాటికి విందు. పొద్దున పోస్తే సాయంత్రానికి పై అరంగుళం ఆరుతుంది, అడుగున తడి మొక్కకు సరిపోతుంది. నారుకుళ్లు తెగులుకు కూడా ఇదే మొదటి వైద్యం.

మొలక చుట్టూ ఎండాకులు, గడ్డి పరిచే అలవాటు మంచిదే, ఎండాకాలం అది లేకుండా మిద్దె మీద మొక్క బతకదు. కానీ మొలక దశలో కాదు. మొదటి రెండాకుల తర్వాత వచ్చే నిజమైన ఆకులు నాలుగైదు వచ్చి, కాండం పెన్ను రీఫిల్ అంత లావై గట్టిపడ్డాక పరవండి. అప్పుడు కూడా కాండం చుట్టూ మూడు అంగుళాలు ఖాళీ వదలండి.

చిన్న చిన్న గుంటలుండే ప్రోట్రేల్లో నారు పోసేవాళ్లు ట్రేలను నేల మీద, తడిసిన గోనెసంచి మీద పెట్టొద్దు. కింద రంధ్రాల్లోంచి పైకి ఎక్కి, కొబ్బరి పొట్టులో చేరి లేత మొదలు గీకుతాయి. నాలుగు ఇటుకల మీద పలక వేసి, దాని మీద ట్రే పెడితే చాలు, కింద గాలి ఆడి అడుగు ఆరుతుంది. కుండీలు, గ్రో బ్యాగులు కూడా అంతే. స్టాండ్ లేకపోతే మూడు ఇటుక ముక్కల మీద నిలబెట్టండి. మిద్దె మీద నీరు పోయే దారికీ ఇది మంచిదే. మిరప నారు నేల మీద పోసేవాళ్లు మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు మడి చేస్తే చుట్టూ కాలువల్లోకి నీరు దిగిపోయి పైపొర త్వరగా ఆరుతుంది. చదును మడిలో నారు పోసి పురుగును తిట్టడం న్యాయం కాదు.

విలువైన మొలకలు కొన్నే ఉంటే పాత నీళ్ల బాటిల్‌ను మూడు అంగుళాల ఉంగరాలుగా కోసి, ఒక్కో మొలక చుట్టూ పెట్టి, అంగుళం మట్టిలోకి దించండి. నున్నటి ప్లాస్టిక్ ఎక్కడం వాటికి కష్టం. అట్టముక్క వద్దు, తడిసి మెత్తబడితే అదే వాటికి ఇల్లు, తిండి అవుతుంది. ఉంగరం లోపల ముందే పురుగులు ఉన్నాయేమో చూసుకోండి. లోపల చిక్కినవాటికి ఆ మొలక తప్ప దిక్కుండదు.

సంఖ్య మరీ ఎక్కువగా ఉంటే పట్టి తీసేయండి. ఆలుగడ్డను సగానికి కోసి, చెంచాతో కొంచెం గుంట చేసి, కోసిన వైపు కిందికి ఉండేలా సాయంత్రం మట్టి మీద బోర్లించండి. పుచ్చకాయ తొక్క, కీర తొక్క కూడా పనిచేస్తాయి. మూడడుగులకు ఒకటి చాలు. తెల్లవారి ఎండ పడకముందే ఎత్తి, అంటుకున్నవాటిని బకెట్‌లోకి దులిపి, ఆకుల ఎరువు గుంటలో వేయండి. వరుసగా ఐదారు రోజులు చేయాలి. ఒక్కరోజు చేసి ఆపితే తేడా తెలియదు. ముక్క రెండు రోజులకు మించి ఉంచొద్దు, చీమలు, ఈగలు చేరతాయి. పెరట్లో నాటుకోళ్లుంటే నారు పోయకముందు రెండు రోజులు మడిలోకి వదలండి, కాళ్లతో కెలికి ఏరుకు తింటాయి. నారు పోశాక మాత్రం కోడిని దగ్గరికి రానీయొద్దు, పురుగు కంటే ఎక్కువ నష్టం అదే చేస్తుంది.

నేలకు ఆనిన కాయల సంగతి. దోస, బుడమ, కీర, టమాట కింది గుత్తులు మట్టిని తాకిన చోట మెత్తబడి చిట్లుతాయి. ఆ చిట్లిన చోట ఉండపురుగు దూరి చిన్న గుంట చేస్తుంది. గట్టి తోలును తనంతట తాను చీల్చుకొని పోవడం అరుదు, ముందు కుళ్లో, నత్త గాటో ఉంటుంది. కాయ కింద పెంకు ముక్కో టైల్ ముక్కో పెట్టండి. గడ్డి పెట్టొద్దు, అందులోనే దాక్కుంటాయి.

చచ్చింది నారుకుళ్లు వల్ల అని తేలితే ఆ దారి వేరు. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొలకల మొదళ్లు తడిసేలా పోయాలి. ముందుజాగ్రత్తగా అయితే 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండికి 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి (తెగులును అణిచే మేలు బూజు) కలిపి, నీడన తడి ఆరకుండా వారం పది రోజులు ఉంచి మడిలో వేస్తారు. ఇంటి తోటకు ఇదే లెక్కన కిలో ఎరువుకు 20 గ్రాములు. ఈ రెండూ ఒకేసారి వాడొద్దు. ట్రైకోడెర్మా బూజు జాతిది కాబట్టి, కాపర్ మందు దాన్నీ దెబ్బతీస్తుంది.

వద్దు అనాల్సినవి

పాత అలవాటుగా గుళికల మందు చల్లేవాళ్లు ఇంకా ఉన్నారు. అలాంటి గుళికల్లో ఒకటైన ఫోరేట్‌ను మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. ఎవరి అటకమీదో మిగిలిన డబ్బా ఉన్నా, మూడు వారాల్లో కోసి వండుకునే పాలకూర మడిలో అది వేయడం అంటే ఇంటిల్లిపాదికీ విషం పెట్టడమే. ఈ మాట మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

ఉప్పు చల్లొద్దు. పురుగు చస్తుంది గానీ కుండీ మట్టి పాడవుతుంది. బూడిద, సున్నం పొడి ఆరినంతసేపే అడ్డం, ఒక్క వాన పడితే కరిగి మట్టిలో కలుస్తాయి. మళ్లీ మళ్లీ చల్లితే మట్టిలో క్షారం పెరిగి ఆకులు పసుపెక్కుతాయి. డయటమేషియస్ ఎర్త్ అనే తెల్ల పొడి కూడా పొడిగా ఉంటేనే పనిచేస్తుంది, ఉండపురుగు తిరిగేదేమో తడిలో. వానాకాలంలో దాని మీద డబ్బు పెట్టకండి. నత్తల కోసం అమ్మే మెటాల్డిహైడ్ గుళికలు వీటికి మందు కాదు, పైగా కుక్కలు తింటే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంట్లో బాత్రూం మూల, గుమ్మం కింద కనిపిస్తే కూడా మందు కొట్టేవాళ్లున్నారు. ఇది కుట్టదు, చెదలులా తలుపు చెక్కను తినదు. లోపలికి వచ్చిందంటే ఆ గోడకు ఎక్కడో చెమ్మ ఉన్నట్టు. ఆ చెమ్మ ఎక్కడిదో చూడండి.

ఎకరాల్లో పత్తి, మిరప, మక్క వేసే రైతుకు దీని భయం అక్కర్లేదు. వేసవి దుక్కి దున్ని, నెల రోజులు ఎండిన ఎర్ర చెల్కలో ఇది నిలవలేదు. అర్జెంటీనాలో దున్నకుండా, పంట చెత్త నేల మీదే వదిలి సోయా వేసే పొలాల్లో మాత్రం ఉండపురుగు మొలకలను తినే పురుగుగా పేరు తెచ్చుకుంది. మన దగ్గర వరి కోసిన మడిలో దున్నకుండా మక్క విత్తేవాళ్లు, మొలకలు వచ్చిన మొదటి రెండు వారాలు గడ్డి గుట్టలుగా ఉన్నచోట రాత్రి ఒకసారి టార్చి వేసి చూసుకుంటే మంచిది. గడ్డిని కాల్చొద్దు, విత్తన సాలు మీది నుంచి పక్కకు లాగితే చాలు.

మిద్దెతోటకు ఏడాదికి ఒకసారి చేయాల్సిన పని ఏప్రిల్ చివర, మే మొదట్లో ఉంటుంది. పంట అయిపోయిన కుండీలను టార్పాలిన్ మీద గుమ్మరించి, మట్టిని రెండు అంగుళాల మందాన పరిచి, నాలుగు రోజులు ఎండలో ఉంచండి. రోజుకు ఒకసారి తిరగేయండి. ముందు వానపాములను ఏరి నీడలో ఉన్న ఎరువు గుంటలో వేయడం మరవొద్దు, ఆ ఎండ వాటికీ చావే. ఉండపురుగులు టార్పాలిన్ అంచుల కిందికి చేరతాయి. సాయంత్రం అంచు ఎత్తి, చీపురుతో ఊడ్చి, వాటినీ అదే గుంటలో వేయండి.